గోదావరి ఒడ్డున వైకింగులు, మా ఇంటి పార్సిళ్లు

టికెట్లు

భద్రాచలం దాటి చర్ల వెళ్లే దారిలో, గోదావరి ఒడ్డున, వైకింగుల పండగ జరిగిందంటే మీరు నమ్మరని తెలుసు. నేనూ నమ్మలేదు. వైకింగులంటే ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల్లో, వెయ్యేళ్ల కిందట, పొడవాటి ఓడలేసుకుని ఊళ్ల మీద పడి దోచుకున్నవాళ్లు. పిల్లల బొమ్మల సినిమాల్లో మాత్రం గడ్డాలతో, కొమ్ముల టోపీలతో ముద్దుగా ఉంటారు. హైదరాబాద్ కుర్రాళ్లు కొందరు ఒక మామిడితోట కిరాయికి తీసుకుని, దసరా సెలవుల్లో పిల్లల కోసం ఈ సంబరం పెట్టారు. వెళ్లి వచ్చాను కాబట్టి, వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

టికెట్లు నేను కొనలేదు. మా తమ్ముడు శ్రీను కొన్నాడు. ఖమ్మంలో వాడిది బొమ్మలు, ఫ్యాన్సీ సామాన్ల దుకాణం. ముందుగా కొంటే సగం ధర అని ఫోన్‌లో చూసి, జూలైలోనే నాలుగు తీసేశాడు: తనకు, భార్య స్వాతికి, పన్నెండేళ్ల కీర్తనకు, ఆరేళ్ల రిషికి. రిషికి వైకింగుల పిచ్చి. సగం ధర అంటే ఆగలేకపోవడం మా వంశం పిచ్చి.

ఆ నెలాఖరున శ్రీను సరుకు కోసం హైదరాబాద్ వెళ్లాడు. కొనడమంతా అయ్యాక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పార్సిల్ బుక్ చేసి, బిల్టీ రసీదు జేబులో పెట్టుకుని, అక్కడి బెంచీ మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె. నలభై ఏళ్లు కూడా లేవు.

అప్పుడు రిషి సత్తుపల్లిలో వాళ్ల అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడు. చిన్నపిల్లాడు చూడకూడదని పెద్దలందరం అనుకుని, పన్నెండో రోజు దాకా అక్కడే ఉంచాం. వాడు ఇంటికి వచ్చిన రోజే, ఎక్కడో గోడౌన్‌లో ఆగిపోయి ఆలస్యమైన ఆ పార్సిల్ కూడా వచ్చింది. గోనెపట్టా మీద శ్రీను పేరు. వాడు దాన్ని కౌగిలించుకుని, నాన్న సరుకు పంపిండు, నాన్న ఎప్పుడొస్తడు అన్నాడు. గదిలో మా చిన్నతమ్ముడితో కలిపి ఏడుగురం పెద్దవాళ్లం ఉన్నాం. నోరు తెరిచింది నేను. హైదరాబాద్ నుంచి అటే ఢిల్లీ పోయిండు, పెద్ద కొనుగోలు ఉంది, వస్తడు అన్నాను.

దుకాణాల్లో పెరిగినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. గిరాకీ ఏదైనా అడిగితే లేదు అనం. రేపు వస్తుంది, ఎల్లుండి రండి అంటాం. లేదని చెప్పి మనిషిని గడప దింపడం మా నాన్న దృష్టిలో పాపం. ఆ రోజు నేను చేసింది ఆ వ్యాపారమే. చేసి ఊరుకోలేదు. నెలన్నరలో ఇంకో మూడు పార్సిళ్లు, హైదరాబాద్‌లో తెలిసిన గుమాస్తా చేత, పంపినవారు శ్రీనివాస్ అని రాయించి మరీ బుక్ చేయించాను. అబద్ధానికి కూడా బిల్టీ రాయించిన మనిషిని నేను.

సెలవులకు వారం ముందు స్కూల్లో ఎవరో పిల్లాడు వాళ్ల నాన్న గురించి ఏదో అన్నాడట. రిషి వాడి చెయ్యి కొరికాడు. ఆ సాయంత్రం స్వాతి నా దగ్గరికి వచ్చింది. "స్కూలు తెరిచేలోపు వాడికి చెప్పాలె వదినా. నా నోటితోని రాదు. నువ్వు మొదలుపెట్టినవ్, నువ్వే చెప్పు" అంది. తిట్టినట్టు అనలేదు. తిట్టినా బాగుండేది.

అంతకుముందే నేను టికెట్ల డబ్బు వాపసు అడిగి ఉన్నానని కూడా ఒప్పుకుంటున్నాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి కారణం అడిగింది. చెప్పాను. చాలా బాధపడి, వాపసు కుదరదండీ, పేరు మార్చుకోవచ్చు అంది. పేరు మార్చడానికి నాకు చెయ్యి రాలేదు. రానన్న స్వాతి టికెట్ వదిలేసి, శ్రీను టికెట్ మీద నేను, పిల్లలిద్దరూ బయల్దేరాం. వైకింగుల పండగ అయ్యేలోపు రిషికి చెప్పాలి. సామానులో నేను మోసుకెళ్లిన బరువు అదొక్కటే.

ఏన్కూరు దాటాక

కారు కిరాయి అడిగితే చెప్పిన ధర విని బస్సెక్కాం. ఏన్కూరు దాకా రిషి కిటికీ పక్కన కూర్చుని ఓడల గురించి చెబుతూనే ఉన్నాడు. ఓడ ముందు పాము తల ఎందుకుంటుందో, తెడ్లు ఎన్ని ఉంటాయో. ఏన్కూరులో మిర్చి బజ్జీ కావాలన్నాడు, కొనిచ్చాను. జూలూరుపాడు రాకముందే అది మొత్తం నా చీర మీద ఉంది. పక్క సీటులోని ఆవిడ, జూలూరుపాడు దగ్గర పల్లెలో ఏదో బ్యాంకులో పనిచేస్తుందట, తన నీళ్ల సీసా మొత్తం వంపి కడిగింది. పిల్లల్ని చూసి, ఎటు పోతున్నరు, వాళ్ల నాన్న రాలేదా అని అడిగింది. కీర్తన తల తిప్పుకుని తన చున్నీ కొస చుట్టడం మొదలుపెట్టింది. నేను వస్తడు అన్నాను. పొద్దున్నుంచి అది మొదటిసారి. అబద్ధాల లెక్క మొదలైంది.

అడవి మొదలయ్యే చోట బస్సు కాసేపు ఆగింది. రోడ్డు పక్కన సీతాఫలాల బుట్టలు. ఖమ్మంలో ఇవే కాయలు రెండింతల ధర. బుట్ట నూట యాభై అన్న ఆవిడతో, నేను దిగను, బస్సు కదులుతుంది అని కిటికీలోంచే వాదించి వందకు తెచ్చాను. ఆమె బుట్ట అందిస్తూ నవ్వింది. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు. భద్రాచలం చేరాక చూస్తే పైవరస మెత్తటి పళ్లు, కింద మొత్తం రాళ్లలాంటి పచ్చి కాయలు. ముప్పై ఏళ్లుగా మా నాన్న కొట్లో టమాటా బుట్టలు సర్దింది కూడా అలాగే. తెలిసిన విద్యకే పడ్డాను.

గుడి మూసిన మధ్యాహ్నం

భద్రాచలం వంతెన మీద బస్సు నెమ్మదించింది. వరద తగ్గి నీళ్లు ఇంకా ఎర్రగా, ఇసుక తిన్నెలు అక్కడక్కడా వీపు చూపిస్తున్నాయి. రిషి లేచి నిలబడి, వైకింగుల ఓడ ఇక్కడ పడుతుందా అని అడిగాడు. పడుతుందన్నాను.

దిగగానే గోపురం చూసి గుడికి పోదామన్నాడు. ఇంటిమనిషి పోయిన ఏడాదిలోపు ఆ ఇంటి పిల్లలు గుడి మెట్లు ఎక్కకూడదని మా వైపు పట్టింపు. మా అత్తగారింటి గోత్రం వేరు కాబట్టి నాకు ఫరవాలేదు. వాడికి ఎలా చెప్పను. గుడి మూసిండ్రు రా అన్నాను.

పక్కనే పూలమ్మే ఆమె, గంప మీద నీళ్లు చిలకరిస్తూ, "ఎవరు చెప్పిండ్రమ్మా, ఇప్పుడే తెరిచిండ్రు. జల్దీ పోండి, లైను కూడా లేదు" అంది. మూర కొనమని రెండు మూరలు నా చేతిలో పెట్టింది. నేను వెనక్కి ఇస్తే, ధర తగ్గించమంటున్నానని అనుకున్నట్టుంది, మూర పదిహేనన్నది పదికి దించింది. జీవితంలో మొదటిసారి ధర తగ్గుతుంటే నాకు ఏడుపొచ్చింది. పూలు కొన్నాను. గుడికి పోలేదు. రిషి ఆ పూలను చూసి, గుడిని చూసి, నన్ను చూశాడు. కీర్తన తమ్ముడి చెయ్యి పట్టుకుని, పండక్కి లేటయితది రా అని వాడిని ఆటో వైపు లాక్కుపోయింది. ఆ పిల్ల రెండున్నర నెలలుగా అదే పని చేస్తోంది. నేను చెప్పిన ప్రతి అబద్ధం వెనక నిలబడి దాన్ని మోస్తోంది. నాకది తోడుగా ఉందని సంతోషించాను తప్ప, దానికి బరువని తోచలేదు.

గేటు దగ్గర పేరు

చర్ల దారిలో రోడ్డు ఎంత ఉందో గుంతలూ అంతే. దారిలో పోలీసు చెక్‌పోస్టు. రిషి ఒళ్లో దుకాణం నుంచి తెచ్చిన చెక్క కత్తి. కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి ఎక్కడికని అడిగాడు. వైకింగుల పండక్కి అన్నాను.

"అదేం దళమమ్మా?" అన్నాడు. మొహం కదలలేదు. నవ్వుతున్నాడో లేదో ఆటోవాడికీ తెలియలేదు. తర్వాత కత్తి రిషికి ఇచ్చి సెల్యూట్ కొట్టాడు.

తోట గేటుకు గుడ్డతో చేసిన ఓడ బొమ్మ కట్టారు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి పేర్ల కాగితం చూసి, మెడలో వేసుకునే అట్టముక్కలు తీసింది. ముందే అచ్చు వేయించి పెట్టుకున్నారు. బిగ్గరగా చదివింది: "శ్రీనివాస్ గారు?"

రిషి చెక్క కత్తి కింద పడేశాడు. "నాన్న వస్తుండా?"

ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. చెప్పడానికే కదా వచ్చాను. వాడి మొహం చూశాను. దుకాణం ముందు నిలబడి, ఈ వస్తువు మీ దగ్గర తప్పక ఉంటుందని నమ్మి వచ్చిన గిరాకీ మొహం అది. "పనయితే వస్తడు" అన్నాను.

వాడు నాన్న అట్టముక్కను తన మెడలోనే వేసుకున్నాడు. రెండు పేర్లు మెడలో తగిలించుకుని ఆ సాయంత్రమంతా గేటు కనిపించే చోటే ఆడుకున్నాడు. కార్లు వచ్చినప్పుడల్లా ఆట ఆపేవాడు.

కొమ్ములు

మర్నాడు అసలు పండగ. రాత్రి పడుకున్న టెంట్లలోంచి వచ్చిన పిల్లల తలల మీద అన్నీ ప్లాస్టిక్ కొమ్ముల టోపీలు. టోపీ మూడు వందల యాభై అన్నారు. నూట ఎనభైకి రెండు నిమిషాల్లో తెచ్చాను. తరువాత తెలిసింది, అదే టోపీ శ్రీను కొట్లో తొంభై. వైకింగుల భోజనం అని కాల్చిన కోడికాలు, ఎండిన రొట్టె, ఉప్పు లేని మొక్కజొన్న పెట్టారు. గేటు బయట ఒకాయన వెదురు బొంగులో కోడికూర కాల్చి అమ్ముతున్నాడు. లోపల కూర్చుని ఆ రొట్టె తిన్నవాళ్లంతా ఒక్కొక్కరే బయటికి పోయి బొంగు పగలగొట్టించుకుంటున్నారు. మేమూ అంతే. కారం ముక్కుకెక్కి రిషి ఎగిరి గంతేశాడు. వాడు ఆ రోజు నవ్వింది ఆ ఒక్కసారి.

మధ్యాహ్నం డోళ్లు మోగాయి. వైకింగుల దండు వస్తోందని మైకులో చెప్పారు. వచ్చినవాళ్లు దగ్గరి గూడెం నుంచి కోయ ఆటగాళ్లు. తలల మీద అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడల్లో పెద్ద పెద్ద డోళ్లు. హైదరాబాద్ కుర్రాళ్లకు కొమ్ములు కావాలి, వీళ్ల దగ్గర ఉన్నాయి. రోజుకు ఇంతని మాట్లాడుకుని తెచ్చారు. వాళ్లు అడుగు వేస్తే మాత్రం నేల మీద దుమ్ము లేచింది, ప్లాస్టిక్ టోపీల పిల్లలంతా నోళ్లు తెరిచారు.

ఆట అయ్యాక నీడలో కూర్చున్న పెద్దాయన దగ్గరికి పిల్లలతో వెళ్లాను. పేరు ముత్తయ్య. కీర్తన, అసలు వైకింగులకు కొమ్ములే లేవట తాతా, ఫోన్ల చదివిన అంది. ఆయన తన కొమ్ములు తీసి ఒళ్లో పెట్టుకుని, "మాకున్నయ్ గద" అన్నాడు.

రిషి ఆ కొమ్ములు కావాలన్నాడు. నాకు చేతులు దురద పెట్టాయి. ఎంతకిస్తవు పెద్దయ్యా అన్నాను. అమ్మనన్నాడు. నేను ధర చెప్పాను. ఆయన నవ్వాడు. పెంచాను. మా నాయన పెట్టుకున్నయి, ఆయన నాయన పెట్టుకున్నయి, నేను పోతే నా కొడుకు పెట్టుకుంటడు అన్నాడు. నేను ఇంకొంచెం పెంచాను. సిగ్గు లేదు నాకు. ఆయన కొమ్ములను రిషి తల మీద ఊరికే పెట్టాడు. అవి కళ్ల మీదికి జారాయి. లోపలి నుంచి వాడి గొంతు వచ్చింది: "మా నాన్న కూడా ఢిల్లీ నుంచి నాకు తెస్తడు."

ముత్తయ్య నా వైపు చూసి, తరువాత కీర్తన వైపు చూశాడు. పిల్లలు నీళ్ల కుండ దగ్గరికి పోయాక నెమ్మదిగా అన్నాడు. "పిలగానికి తండ్రి లేడు గదమ్మా."

నీకెట్ల తెలుసన్నాను.

"వాడు నాన్న అన్నప్పుడల్లా పెద్దపిల్ల నేల చూస్తాంది." వాళ్ల గూడెంలో ఎవరన్నా పోతే వెంటనే డోలు కొడతారని, ఆ చప్పుడు విని పొలాల్లో ఉన్నవాళ్లు వచ్చేస్తారని, పిల్లలే ముందు పరుగెత్తుకొస్తారని చెప్పాడు. పిల్లలకు భయం కాదా అని అడిగాను. అవుతది, అందరి మధ్య భయపడతరు అన్నాడు. అంతే. మజ్జిగ తాగి, మళ్లీ డోలు మెడలో వేసుకుని వెళ్లిపోయాడు.

డాలు

ఆ మధ్యాహ్నం పిల్లలకు తలా ఒక గుండ్రటి చెక్క డాలు ఇచ్చి రంగులు వేయమన్నారు. అందరూ పాములు, గద్దలు వేస్తున్నారు. రిషి దుకాణం వేశాడు. షట్టరు, పైన బోర్డు, ముందు వేలాడే బంతులు. గల్లా పెట్టె దగ్గర ఒక మనిషి. మనిషి చేతులు రెండూ పైకి ఉన్నాయి. ఎందుకని అడిగితే, వచ్చిన సంతోషంల అన్నాడు.

రంగు ఆరేదాకా చేతుల్లో పట్టుకుని గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. నాలుగు గంటల తరువాత ఇక కార్లు రావడం ఆగిపోయింది. వాడు లేచి నా దగ్గరికి వచ్చి పెద్దవాడిలా చెప్పాడు: పని కానట్టుంది, నాన్న రాడు, మనమే దీన్ని నాన్నకు పార్సిల్ వేద్దాం. గోనె చుట్టాలట, మూలలకు అట్ట పెట్టాలట, గీతలు పడకుండా. అన్నీ శ్రీను దగ్గర చూసి నేర్చుకున్నవే. సరేనన్నాను. సరే అనడం ఎంత తేలికో.

ఇసుక మీద ఓడ

సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. ఇసుక తిన్నె మీద పది పన్నెండు అడుగుల ఓడ నిలబెట్టారు. వెదురు, చెక్కపేళ్లు, ముందు పాము తల. మైకు పట్టుకున్న కుర్రాడు చెప్పాడు: వైకింగుల రాజు చనిపోతే ఓడలో పడుకోబెట్టి, ఆయనకు ఇష్టమైనవన్నీ పక్కన పెట్టి, కొడుకు చేత నిప్పు పెట్టించేవారట. పిల్లలూ, మీ డాళ్లు తెచ్చి రాజుగారికి కానుకగా ఓడలో పెట్టండి అన్నాడు. పిల్లలు కేకలేస్తూ వరస కట్టారు.

రిషి కదల్లేదు. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి, పండగ పనివాళ్లలో ఒకతె, మంచిదే పాపం, వంగి, రా నాన్నా నువ్వూ పెట్టు అని డాలు పట్టుకుంది. వాడు రెండు చేతులతో లాక్కున్నాడు.

"ఇది మా నాన్నది. మా నాన్న సచ్చిపోలేదు."

వరసలో ఉన్న తల్లులు తిరిగి చూశారు. నేను వాడిని తీసుకుని నీటి అంచుకు వెళ్లాను. కీర్తన మా వెనకే వచ్చి నాలుగడుగుల దూరంలో ఆగింది. వాడు నా చేతిసంచిలోంచి పెన్ను తీసి, డాలు వెనక్కి తిప్పి, నాకిచ్చాడు.

"రాయి అత్తా. ఢిల్లీ అడ్రస్."

నేను పెన్ను పట్టుకున్నాను. ఊళ్లు, బజార్లు, గల్లీ పేర్లు నాకు చాలా తెలుసు. ఏదో ఒకటి రాస్తే వాడు ఈ రాత్రి హాయిగా పడుకుంటాడు. రేపు వస్తుంది అని చెప్పే ఆ పాత అలవాటు చేతివేళ్ల దాకా వచ్చింది.

"అడ్రస్ లేదు రా."

"పోగొట్టినవా?"

"లేదు. నాన్న ఢిల్లీల లేడు. నాన్న చనిపోయిండు రిషీ."

వాడు నవ్వబోయాడు. నా మొహం చూసి ఆపాడు. "ఎప్పుడు?"

"నువ్వు సత్తుపల్లిల ఉన్నప్పుడు. గుండె ఆగిపోయింది."

"మరి పార్సిళ్లు వచ్చినయ్ గద."

"మొదటిది నాన్న పంపిందే. మిగతా మూడు నేను వేసిన."

"నాన్న పేరుండె."

"నేనే రాయించిన."

వాడు నీళ్లవైపు తిరిగాడు. ఏడుస్తాడని చేతులు చాపాను. రాలేదు. "నువ్వు మోసం చేసినవ్" అన్నాడు. మా ఇళ్లలో పిల్లలకు నేర్పే మొదటి తప్పు మాట అది. ధర ఎంతైనా చెప్పొచ్చు, బేరం ఎంతైనా ఆడొచ్చు, మోసం చేయకూడదు. నలభై నాలుగేళ్లలో నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆరేళ్లవాడు. కాదనలేకపోయాను.

వెనక ఓడకు నిప్పు పెట్టారు. రాజు కొడుకు వేషం వేసిన పిల్లాడి చేతిలో దివిటీ. వెదురు పచ్చిది కాబట్టి అంటుకోలేదు. రెండుసార్లు, మూడుసార్లు. చివరికి ఎవరో డీజిల్ డబ్బా తెచ్చి పోశారు. ఒక్కసారిగా లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముత్తయ్య వాళ్లు డోలు ఆపేసి నిలబడ్డారు.

రిషి ఆ మంట వైపు చూస్తూ అడిగాడు. "నాన్నను కూడా గిట్లనే?"

"అవ్."

"ఎవరు పెట్టిండ్రు?"

"మీ బాబాయి."

"నేను గద కొడుకును" అన్నాడు.

వాడి వయసు చెప్పబోయాను. పన్నెండు రోజులు, సత్తుపల్లి, పెద్దలు, అన్నీ నోటిదాకా వచ్చి ఆగాయి. ఓడ మధ్యలో కూలింది. పాము తల ఇసుకలో పడి చాలాసేపు పొగ వదిలింది. చీకటి పడకముందే అందరూ భోజనాలకు కదిలారు. వాడు నా చెయ్యి పట్టుకోలేదు. డాలును కడుపుకు అదుముకుని అక్క వెనకే నడిచాడు.

తిరుగు బస్సు

పొద్దున స్వాతికి ఫోన్ చేసి, చెప్పిన అన్నాను. ఆమె ఏమన్నాడని అడగలేదు. తిన్నడా అని అడిగింది. తినలేదు. నేను ఇచ్చిన ఇడ్లీ పొట్లం విప్పలేదు, కీర్తన తినిపిస్తే సగం తిన్నాడు. నిన్నటిదాకా మెడలో వేసుకున్న అట్టముక్కలు రెండూ టెంటులో మంచం మీద ఉన్నాయి. వాటిని తీసి సంచిలో పెట్టుకున్నాను.

భద్రాచలంలో బస్సెక్కాక పిల్లలిద్దరూ ఒక సీటులో కూర్చున్నారు. నేను వాళ్ల ముందు సీటులో. బస్సు వంతెన దాటి, పాల్వంచ దాటింది. దసరా రద్దీ కాబట్టి నిండా జనం. నా పక్కన మిరప మొక్కల నారు కట్టలు ఒళ్లో పెట్టుకున్న ఒకాయన నిద్రపోతున్నాడు.

కొత్తగూడెం దాటాక కీర్తన సీటు మీదుగా ముందుకు వంగి, నా చెవి దగ్గర అడిగింది.

"ఇంక గట్టిగ ఏడవచ్చా అత్తా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల ఊపాను.

ఆ పిల్ల వెనక్కి కూర్చుని మొదలుపెట్టింది. మొదట మామూలుగా. తరువాత బస్సంతా వినిపించేలా. రెండున్నర నెలలుగా దాచింది ఒక్కసారిగా గొంతులోంచి వస్తుంటే ఎలా ఉంటుందో నేను రాయలేను. నిద్రపోతున్న ఆయన ఉలిక్కిపడి లేచాడు. కండక్టర్ టికెట్ల మిషన్ పట్టుకుని మా దగ్గరికి వచ్చి, ఏందమ్మా ఎవరైనా ఏమన్నా అన్నరా అని అడిగాడు. వాళ్ల నాన్న పోయిండు అన్నాను. ఇప్పుడే ఫోనొచ్చిందా అన్నాడు. జూలైల అన్నాను. ఆయన నన్నూ ఆ పిల్లనూ మార్చి మార్చి చూసి, వెనక్కి పోయాడు. వెనక సీటు నుంచి ఒక ముసలామె చెయ్యి చాపి కీర్తన జుట్టు నిమిరింది. ఎవరూ ఊరుకో అనలేదు.

చాలాసేపటికి రిషి గొంతు వినపడింది. "అక్కా, నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"మరి ఎప్పుడూ ఏడవలేదు?"

"ఏడ్సిన."

"నాకు కనపడలే."

"బాత్రూంల. నల్లా ఇప్పి."

ఖమ్మంలో మా తమ్ముడి ఇంట్లో నీళ్ల వాడకం పెరిగిందని, ట్యాంకు సాయంత్రానికే ఖాళీ అవుతోందని స్వాతి నాతో చెప్పినప్పుడు, పైపు లీకేమో చూపించమన్నది నేనే. ప్లంబర్ వచ్చాడు. ఇంటి చుట్టూ తిరిగి, ఎక్కడా లీకు లేదమ్మా అన్నాడు. ఏమీ చేయకుండా రెండు వందలు అడిగితే, నూట ఇరవైకి ఒప్పించి పంపాను.

ఏన్కూరు దగ్గరికి వచ్చేసరికి వెనక ఇద్దరి ఏడుపు వినపడింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాడికి ఏడవడం సరిగా రావడం లేదు, ఎక్కిళ్లు పడుతున్నాయి. ఆ పిల్ల తన ఏడుపు మధ్యలోనే, గట్ల కాదు రా, గాలి పీల్చుకో అని చెబుతోంది. నేను వెనక్కి తిరగలేదు.